పాదచారుల చక్రవర్తి – డానియల్ ఓలియరీ

మానవుడు నేర్చుకునే మొదటి విద్య నడక. ఆ విద్యకు బడి లేదు, పుస్తకం లేదు, పట్టా అసలే లేదు. తల్లి వేలు పట్టుకొని తప్పటడుగులు వేసిన నాడే అది మనకు సొంతమవుతుంది. అందుచేతనే కాబోలు, నడకను ఒక ఘనతగా ఎవరూ ఎంచరు. వాహనం ఉన్నవానిని లోకం గౌరవిస్తుంది. కాలినడకన పోయేవానిని పేదవాడని జాలిగా చూస్తుంది. అటువంటి నడకనే మూలధనంగా చేసుకొని, పరాయి దేశంలో నిలదొక్కుకొని, రెండు ఖండాలలో జయపతాకం ఎగురవేసిన ఒక ఐరిష్ పుత్రుని జీవితకథ ఇది. అతని పేరు డానియల్ ఓలియరీ. జనం అతనిని ముద్దుగా డాన్ ఓలియరీ అని పిలిచేవారు.

ఐర్లండు ద్వీపపు దక్షిణ భాగాన కార్క్ అనే మండలం ఉంది. ఆ మండలంలో క్లోనకిల్టీ పట్టణ సమీపాన 1840ల దశకంలో ఓలియరీ జన్మించాడు. ఆ దశకం ఐరిష్ ప్రజల చరిత్రలో మరపురాని విషాదకాలం. బీదసాదలకు బంగాళాదుంపయే ఏకైక ఆహారం. 1845లో ఆ పంటకు తెగులు సోకింది. తరువాతి సంవత్సరాలలో పంట పదేపదే నాశనమయింది. కరువుకు రోగాలు తోడుకాగా సుమారు పది లక్షల మంది మరణించారు. అంతకు తక్కువకాని సంఖ్యలో ప్రజలు ఓడలెక్కి దేశాంతరం పోయారు. దేశం అప్పుడు బ్రిటిష్ ఏలుబడిలో ఉంది. ప్రజలు ఆకలితో అలమటిస్తూ ఉండగానే ఐర్లండు రేవుల నుండి ధాన్యం ఎగుమతి అవుతూనే ఉంది. ఈ చేదు జ్ఞాపకాల నడుమ ఓలియరీ బాల్యం గడిచింది. యుక్తవయస్సు రాగానే, వేలాది స్వదేశీయుల వలెనే అతడు కూడ 1866 ప్రాంతంలో అమెరికా చేరుకున్నాడు.

అమెరికా అతనికి ఎర్రతివాచీ పరచలేదు. ఐరిష్ వలసజనులంటే అక్కడి వారికి చిన్నచూపు. మతం వేరు, ఉచ్చారణ వేరు, చేతిలో చిల్లిగవ్వ లేదు. షికాగో నగరంలోని ఒక కలప అడితిలో అతడు కూలిపని చేశాడు. కొంతకాలం దక్షిణాదికి పోయి పత్తి ఏరాడు. తిరిగి షికాగో వచ్చి పుస్తకాల సంచి భుజాన వేసుకొని ఇంటింటికీ తిరిగి అమ్మసాగాడు. డబ్బు ఒక్కసారిగా ఇవ్వలేనివారికి వాయిదాలపై ఇచ్చేవాడు. అంటే ఒక్కొక్క పుస్తకానికి ఒక్కొక్క గుమ్మం పలుమార్లు తొక్కవలసి వచ్చేది. తెలియకుండానే ఆ వృత్తి అతని కాళ్ళకు వ్యాయామశాల అయింది.

1871 అక్టోబరులో షికాగో నగరం అగ్నికి ఆహుతి అయింది. సుమారు 300 మంది మరణించారు. లక్షమంది నిలువనీడ లేనివారయ్యారు. ఓలియరీ ఖాతాదారులెందరో సర్వస్వం కోల్పోయి చెదరిపోయారు. వారి వద్ద రావలసిన వాయిదాలు బూడిదలో కలిసిపోయాయి. కొత్త గిరాకీ కోసం అతడు ఊరి వెలుపలి పల్లెల దాకా నడిచి పోవలసివచ్చింది. మరొక విచిత్రం చూడండి. ఆ అగ్నిప్రమాదానికి కారణం ఒక ఐరిష్ పాలవ్యాపారి ఇంటి ఆవు దీపాన్ని తన్నడమేనని పుకారు పుట్టింది. ఆ గృహిణి ఇంటిపేరు కూడ ఓలియరీయే. ఆమెకూ మన కథానాయకునికీ ఏ బంధుత్వమూ లేదు. ఆ నేరారోపణకు ఆధారమూ లేదు. అయినా ఆ పేద ఇల్లాలు జీవితాంతం నింద మోసింది. ఆమె నిర్దోషి అని షికాగో నగరసభ ప్రకటించడానికి 1997 వరకు కాలం పట్టింది. వలసవచ్చిన వారిపై అనుమానం ఎంత సులభంగా వాలుతుందో గ్రహించడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. ఓలియరీ అనే పేరు తగిలించుకొని ఆ నగర వీధులలో తలుపులు తట్టిన యువకుని మనఃస్థితిని పాఠకులే ఊహించుకోవచ్చును.

ఆ రోజులలో అమెరికాలో ఎడ్వర్డ్ పేసన్ వెస్టన్ అనే పాదచారి పేరు మారుమోగుతూ ఉండేది. 1861లో లింకన్ అధ్యక్షుడుగా ఎన్నికవుతాడా లేదా అన్న పందెంలో ఓడి, అతని పదవీస్వీకారం చూడడానికి బోస్టన్ నుండి వాషింగ్టన్ దాకా కాలినడకన వెళ్ళినవాడు వెస్టన్. 1867లో పోర్ట్‌లండ్ నుండి షికాగో వరకు 1,200 మైళ్ళకు పైగా నడిచి 10,000 డాలర్లు గెలుచుకున్నాడు. అతడు ఆరు దినాలలో 500 మైళ్ళు నడిచి తీరుతానని ప్రకటించి ప్రయత్నాలు సాగిస్తూ ఉన్నాడు. 1874లో ఒకనాడు షికాగో దుకాణమొకదానిలో ఈ ప్రసంగం వచ్చిందట. అటువంటి కార్యం అసలు సిసలైన అమెరికనుకు తప్ప మరెవ్వరికీ సాధ్యం కాదని అక్కడివారు తేల్చివేశారట. ఒక ఐరిష్‌వాడు కూడ ఆ పని చేయగలడని ఓలియరీ అన్నాడట. అందరూ నవ్వారట. తదుపరి కథకు ఆ నవ్వే బీజం.

1874 జూలైలో ఓలియరీ షికాగోలోని ఒక స్కేటింగు శాలను వేదికగా చేసుకొని 24 గంటలలో 100 మైళ్ళు నడిచి చూపుతానన్నాడు. అంతకుముందు పోటీలలో పాల్గొన్న అనుభవం అతనికి లేదు. గుండ్రని బాటపై ఒంటరిగా తిరుగుతూ 23 గంటల 17 నిమిషాలలో 100 మైళ్ళు పూర్తిచేశాడు. మరుసటి నెలలోనే అంతకు మించిన దూరం నడిచాడు. ఆపై వెస్టన్‌కు సవాలు విసిరాడు. ముందు నీవు చెప్పుకోదగిన ఘనత ఏదైనా సాధించు, తరువాత చూతమన్న ధోరణిలో వెస్టన్ దానిని త్రోసిపుచ్చాడు. ఇంతలో 1874 డిసెంబరులో వెస్టన్ న్యూఆర్క్ నగరంలో తన 500 మైళ్ళ ప్రతిజ్ఞను నెరవేర్చుకున్నాడు కూడ. ఓలియరీ నిరుత్సాహపడలేదు. మాటకు మాట బదులు చెప్పక, నడకకు నడకతోనే బదులు చెప్పాడు. పోటీ వెనుక పోటీ గెలుస్తూ వెస్టన్ ఇక తప్పించుకోలేని స్థితి కల్పించాడు.

ఇక్కడ ఆ పోటీల స్వరూపం కొంత వివరించడం అవసరం. ఆదివారం క్రైస్తవులకు ప్రార్థనాదినం గనుక ఆనాడు ఆటపాటలు నిషిద్ధం. కాబట్టి ఆదివారం అర్ధరాత్రి దాటగానే పోటీ మొదలై శనివారం రాత్రితో ముగిసేది. మొత్తం 144 గంటలు. అందులో ఎంతసేపు నడవాలో, ఎంతసేపు నిద్రించాలో పోటీదారుని ఇష్టం. బాట ప్రక్కనే చిన్న డేరా వేసేవారు. దినానికి మూడు నాలుగు గంటల కునుకు తప్ప విశ్రాంతి ఉండేది కాదు. చుట్టూ గ్యాసు దీపాల వెలుగు, పొగాకు పొగ, వాద్యాల మ్రోత, వేలాది ప్రేక్షకుల కేకలు. నడకకు నియమం ఒక్కటే. ముందరి పాదపు మడమ నేలను తాకిన పిదపనే వెనుకటి పాదపు మునివేళ్ళు నేలను విడవాలి. రెండు పాదాలు ఒక్కసారి గాలిలోకి లేస్తే అది పరుగు అవుతుంది గాని నడక కాదు. ఈనాటి నడక పందెములకు కూడ ఇదే మూలసూత్రం.

1875 నవంబరులో షికాగో ప్రదర్శనశాలలో ఇద్దరు యోధులూ తలపడ్డారు. ఇద్దరికీ వేరువేరు బాటలు ఏర్పరచారు. వారిద్దరి తీరు తూర్పు పడమరలు. వెస్టన్ అలంకారప్రియుడు. కుచ్చుల చొక్కా తొడిగి, చేత చిన్న కొరడా త్రిప్పుతూ, ప్రేక్షకులను వినోదపరుస్తూ నడిచేవాడు. ఓలియరీ నిటారుగా నిలిచి, మోచేతులు మడిచి, చూపు ముందుకు నిలిపి, గడియారపు లోలకం వలె ఒకే లయలో సాగేవాడు. అతని రెండు గుప్పిళ్ళలోనూ గింజలు ఒలిచిన మొక్కజొన్న బెండ్లు ఉండేవి. అరచేతి చెమటను అవి పీల్చుకొనేవి. ఆరవ దినం ముగిసేసరికి ఓలియరీ 503 మైళ్ళు పూర్తిచేయగా వెస్టన్ 451 మైళ్ళ వద్ద మిగిలిపోయాడు. అమెరికనుకు తప్ప మరొకరికి అసాధ్యమన్న కార్యాన్ని, పుస్తకాలమ్ముకొనే వలస కూలీ సాధించి చూపాడు. దుకాణంలోని నవ్వుకు అది సమాధానం.

తరువాత వెస్టన్ ఇంగ్లండు పోయి అక్కడ ఈ క్రీడకు అపారమైన ప్రజాదరణ తెచ్చాడు. ఓలియరీ కూడ అతని వెనుకనే సముద్రం దాటాడు. 1877 ఏప్రిల్‌లో లండన్ నగరపు ఇస్లింగ్టన్ పేటలోని అగ్రికల్చరల్ హాలులో ఇరువురి నడుమ రెండవ మహాపోరాటం జరిగింది. ఆరు దినాలలో సుమారు 70,000 మంది చూచిపోయారు. ఈసారి వెస్టన్ ఎంతో మెరుగుగా నడిచి 510 మైళ్ళు పూర్తిచేశాడు. కాని ఓలియరీ దాదాపు 520 మైళ్ళు నడిచి మరల జయించాడు. మన లెక్కలో అది సుమారు 837 కిలోమీటర్లు. పార్లమెంటు సభ్యుడైన సర్ జాన్ ఆస్ట్లీ అనే ధనికుడు వెస్టన్‌పై పందెం కాచి పెద్ద మొత్తం పోగొట్టుకున్నాడు. అయినా ఆ దొర మనసు చిన్నబుచ్చుకొనక, ప్రపంచ దీర్ఘదూర విజేతకు ఇవ్వడానికి వెండి బంగారములతో ఒక బెల్టు చేయించాడు. అదే సుప్రసిద్ధమైన ఆస్ట్లీ బెల్టు.

1878 మార్చిలో ఆ బెల్టు కోసం తొలి పోటీ అదే హాలులో జరిగింది. ఈ పర్యాయం నియమాలు సడలించారు. ఇష్టమైనవారు నడవవచ్చును, పరుగెత్తనూవచ్చును. నడకకే అలవాటుపడిన ఓలియరీకి ఇది ప్రతికూలమని అనేకులు తలచారు. ప్రత్యర్థులలో అత్యధికులు ఇంగ్లీషువారు. ఐర్లండును ఏలుతున్న దేశపు రాజధానిలో, ఆ దేశస్థుల నడుమ, కరువు నేలలో పుట్టిన బిడ్డ నడుము కట్టి నిలిచాడు. ఆరు దినాలు గడిచేసరికి 520 మైళ్ళకు పైగా పూర్తిచేసి ప్రథముడయ్యాడు. హెన్రీ వాన్ అనే ఇంగ్లీషు పాదచారి 500 మైళ్ళతో ద్వితీయుడయ్యాడు. ఓలియరీ బెల్టుతో అమెరికాకు తిరిగివచ్చాడు. ఆ సంవత్సరపు శరత్కాలంలో న్యూయార్కులో జాన్ హ్యూస్ అనే మరొక ఐరిష్ వలసవాసి పోటీకి వచ్చాడు. హ్యూస్ 310 మైళ్ళు నడువగా ఓలియరీ 403 మైళ్ళు నడిచి బెల్టును నిలుపుకున్నాడు.

శిఖరమెక్కినవానికి దిగువ దారి కూడ ఉంటుంది. ఒక్కసారి, మూడవసారి కూడ గెలిస్తే ఆ బెల్టు శాశ్వతంగా అతనిదే అవుతుంది. 1879 మార్చిలో న్యూయార్కులోని గిల్మోర్ గార్డెన్‌లో ఆ పోటీ జరిగింది. చార్లెస్ రోవెల్ అనే ఇంగ్లీషు యువకుడు చిన్నచిన్న అడుగులతో పరుగెత్తుతూ ఓలియరీని వెన్నంటి వచ్చాడు. ఏళ్ళ తరబడి శరీరాన్ని అరగదీసిన ఓలియరీకి ఆ వేగం తాళడం శక్యం కాలేదు. మూడవ దినాన అతడు పోటీ నుండి వైదొలగాడు. నిన్నటి దాకా జేజేలు కొట్టిన నోళ్ళే అపవాదులు పలికాయి. పందెం సొమ్ము పోయినవారు మద్యమే కారణమని కొందరు, మోసమని కొందరు పుకార్లు లేవదీశారు. రోవెల్ 500 మైళ్ళతో గెలిచి బెల్టును ఇంగ్లండుకు తీసుకుపోయాడు. ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఈ క్రీడ చుట్టూ జూదం చీడ వలె అల్లుకొని ఉండేది. ఆటగాని శ్రమ కంటె అతనిపై కాచిన సొమ్మే ప్రేక్షకులలో అనేకులకు ముఖ్యం.

సామాన్యుల జీవితచరిత్రలు ఈ ఘట్టం వద్దనే ముగిసిపోతాయి. కాని ఓలియరీ జీవితంలో అతి గొప్పదని ఈ వ్యాసకర్త భావించే అధ్యాయం ఓటమి తరువాతనే ఆరంభమయింది. తాను గెలువలేకపోయిన బెల్టును తిరిగి అమెరికాకు తేగలవారిని వెదకడానికి అతడు పూనుకొని, తన పేరనే ఒక బెల్టు నెలకొల్పి పోటీలు నిర్వహించాడు. ఆ అన్వేషణలో బోస్టన్ నగరంలో ఒక నల్లజాతి యువకుడు అతని కంట పడ్డాడు. అతని పేరు ఫ్రాంక్ హార్ట్. హైతీ ద్వీపంలో పుట్టి బోస్టన్ చేరి, ఒక కిరాణా దుకాణంలో పనిచేస్తూ ఉండేవాడు. అమెరికాలో బానిసత్వం రద్దయి అప్పటికి పదిహేను సంవత్సరాలైనా నిండలేదు. నల్లవారితో ఒకే బల్లపై కూర్చోవడానికి సైతం తెల్లవారు సమ్మతించని కాలమది. అటువంటి రోజులలో ఓలియరీ ఆ యువకుని చేరదీసి, తన విద్యలోని మెలకువలన్నీ బోధించి, ఖర్చులు భరించి బరిలో దింపాడు. శిష్యుని నడకలో గురువు పోలిక కనబడి జనం హార్ట్‌ను నల్ల డాన్ అని పిలువసాగారు.

1879 సెప్టెంబరులో న్యూయార్కులో జరిగిన ఆస్ట్లీ బెల్టు పోటీలో హార్ట్ 482 మైళ్ళతో నాలుగవ స్థానం పొందాడు. 1880 ఏప్రిల్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఓలియరీ బెల్టు కోసం జరిగిన పోటీలో 565 మైళ్ళు పూర్తిచేసి ఆనాటికి ప్రపంచంలో ఎవరూ అందుకోని దూరాన్ని అందుకున్నాడు. అంతేకాదు, ఆ పోటీలో ద్వితీయ స్థానం పొందిన విలియం పెగ్రామ్ కూడ నల్లజాతివాడే. గురువు లండన్‌లో సాధించిన 520 మైళ్ళను శిష్యుడు 45 మైళ్ళు దాటిపోయాడు. ఐరిష్‌వానికి సాధ్యం కాదన్న మాటను ఓలియరీ తన కాళ్ళతో ఖండించాడు. నల్లవానికి సాధ్యం కాదన్న మాటను హార్ట్ కాళ్ళు ఖండించాయి. మొదటి విజయం కంటె ఈ రెండవ విజయమే మిన్న అని చెప్పక తప్పదు. హార్ట్ జీవితం చివరి దాకా సుఖంగా సాగలేదన్నది విచారకరమైన వాస్తవం. వర్ణవివక్ష అతనిని వెంటాడింది. సంపాదించిన ధనం నిలువలేదు. 1908లో షికాగోలో పేదరికంలో కన్నుమూశాడు. అయినా అతడు వేసిన అడుగులు చెరిగిపోలేదు.

ఈ నడక వేడి స్త్రీలను సైతం తాకిందని మన విద్యార్థినులు గమనింతురు గాక. 1878 డిసెంబరులో బ్రూక్లిన్‌లో ఆడా ఆండర్సన్ అనే ఇంగ్లీషు మహిళ పావుగంటకొక పావుమైలు చొప్పున 2,700 పావుగంటలు నడవడం ఆరంభించి మరుసటి నెలలో ముగించింది. ఆ కాలంలో ఆడవారు బహిరంగంగా క్రీడలలో పాల్గొనడమే వింతగా ఉండేది.

క్రమంగా సైకిలు, బేస్‌బాల్ క్రీడలు ప్రజల మనసులను ఆకర్షించాయి. 1888లో జార్జి లిటిల్‌వుడ్ అనే ఇంగ్లీషువాడు ఆరు దినాలలో 623 మైళ్ళు దాటి చరిత్ర సృష్టించాడు. ఆ ఘనతను మించడానికి గ్రీసు దేశపు యానిస్ కూరోస్ 1984లో రావలసివచ్చింది. కాని లిటిల్‌వుడ్ నాటికే ఆ పోటీల వైభవం అస్తమిస్తూ ఉంది. ఓలియరీ మాత్రం నడక మానలేదు. పాతపగవాడైన వెస్టన్‌తో కలసి పలు నగరాలలో 2,500 మైళ్ళ దీర్ఘ పోటీ నడిచాడు. 1886 ఆరంభంలో ముగిసిన ఆ పోటీలో వెస్టన్ గెలిచాడు. రెండు మారులు ఓడినవాడు మూడవ మారు జయించడం న్యాయంగానే ఉంది. బేస్‌బాల్ మైదానాలలో ప్రదర్శనలిస్తూ ఓలియరీ ఊరూరా తిరిగాడు. అరవై ఏళ్ళు దాటిన పిదప, 1907లో సిన్సినాటి నగరంలో, గంటకొక మైలు చొప్పున వరుసగా 1,000 గంటలలో 1,000 మైళ్ళు నడిచాడు. అంటే నలభై ఒక్క దినాల పదహారు గంటలు. అన్ని దినాలలోనూ రెండు గంటలు ఏకధాటిగా నిద్రించే వీలు లేదన్నమాట. 1809లో కెప్టెన్ బార్‌క్లే అనే స్కాట్లండు దేశీయుడు యౌవనంలో చేసిన ఘనకార్యమిది. దానిని ఓలియరీ వృద్ధాప్యపు గుమ్మంలో నిలిచి చేశాడు.

వెస్టన్ 1929లో తన తొంభయవ ఏట మరణించాడు. డానియల్ ఓలియరీ 1933 మే నెలలో కాలిఫోర్నియా రాష్ట్రపు లాస్ ఏంజెలిస్ నగరంలో ఎనభై ఏళ్ళు దాటిన పండు వయస్సులో దివంగతుడయ్యాడు. అప్పటికి నడక పందెం ఒలింపిక్ క్రీడలలో స్థానం సంపాదించి పాతికేళ్ళయింది. ఓలియరీ పుట్టిన కార్క్ మండలమే తరువాతి కాలంలో మరొక మేటి పాదచారిని కన్నది. రాబర్ట్ హెఫర్నన్ 2013లో మాస్కోలో 50 కిలోమీటర్ల నడకలో ప్రపంచ విజేత అయ్యాడు. 2012 లండన్ ఒలింపిక్ క్రీడలలో అతడు నాలుగవవాడుగా ముగించాడు. ముందున్న రష్యా దేశీయుడు నిషిద్ధ ఔషధాల కారణంగా అనర్హుడు కావడంతో 2016లో హెఫర్నన్‌కు కాంస్య పతకం దక్కింది. ఓలియరీ జయించిన లండన్‌లోనే, నూట ముప్పది అయిదేళ్ళ తరువాత, అదే మండలపు బిడ్డ నిజాయితీగా నడిచి, ఆలస్యంగానైనా తన ఫలం అందుకున్నాడు.

విద్యార్థి సోదర సోదరీమణులారా! ఓలియరీకి ఆస్తి లేదు, చదువు లేదు, పలుకుబడి లేదు. ఉన్నవి రెండు కాళ్ళు, వాటి వెనుక ఒక మనసు. నీ వల్ల కాదన్న మాట విన్నప్పుడు అతడు కోపగించి కూర్చోలేదు, కన్నీరు కార్చలేదు. లేచి నడిచాడు. ఇది మనం నేర్చుకొనదగిన మొదటి పాఠం. రెండవ పాఠం ఇంతకంటె కష్టమైనది. తనను చిన్నచూపు చూచిన లోకంలో పైకి వచ్చినవారు తమకంటె క్రింద ఉన్నవారిని మరచిపోవడం పరిపాటి. ఓలియరీ మరచిపోలేదు. తనకంటె ఎక్కువ అవమానాలు పడుతున్నవానికి చేయి అందించాడు. శిష్యుడు తనను మించిపోతే సంతోషించాడే గాని అసూయపడలేదు. చేతిలో పుస్తకాలతో కళాశాలకు కాలినడకన వచ్చే విద్యార్థి ఎవరైనా ఉంటే, అతడు తన నడకను చూచి సిగ్గుపడవలసిన పని లేదు. రేపు తాను గమ్యం చేరిన తరువాత, వెనుక వచ్చేవాని కోసం ఒక్కసారి వెనుదిరిగి చూస్తే చాలు. నడక అందరికీ వస్తుంది. వెనుకవానికి చేయి అందించే నడవడి మాత్రం నేర్చుకుంటేనే వస్తుంది.